వారం సరిపోదండీ

ట్రాన్స్ పురుషులకు (పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైనా మగవారిగా బతికేవాళ్లకు) రొమ్ములు తీసి ఛాతీని చదును చేసే ఆపరేషన్ గురించి మీరు తెలుగులో వ్యాసం రాసినందుకు చాలా సంతోషం. కానీ అందులో ఆపరేషన్ అయ్యాక 'వారంలో మామూలైపోతారు' అన్న మాట మాత్రం సరికాదు. మా తమ్ముడికి నిరుడు హైదరాబాద్‌లో చేయించాం, నేనే దగ్గరుండి చూసుకున్నాను.

పొగ తాగితే గాయం సరిగా మానదని డాక్టర్ వారాల ముందే సిగరెట్ మాన్పించారు. ఆపరేషన్ తర్వాత చేతులు పైకి ఎత్తకూడదు కాబట్టి ముందువైపు గుండీలున్న చొక్కాలు కొన్నాం. టీ పొడి డబ్బా, మందులు, చార్జర్ అన్నీ కింది అరలోకి దించాం.

ఇంటికొచ్చాక రెండు పక్కలా డ్రెయిన్ గొట్టాలు, గాయంలో చేరే ద్రవాన్ని బయటికి తీసేవి. పొద్దునా రాత్రీ అమ్మ వాటిలో ద్రవాన్ని కొలిచి, క్యాలెండర్ మీద ఎన్ని మి.లీ. వచ్చిందో రాసేది. ఎర్రటి రంగు పలచబడి లేత పసుపుకి తిరిగాక గానీ ఆమె కంటినిండా నిద్రపోలేదు. తమ్ముడు ఛాతీని నొక్కిపట్టే బిగుతు వెస్ట్ (బనియన్ లాంటిది) వేసుకుని వెల్లకిలానే పడుకోవాలి. ఆరు వారాలు బిందె కూడా ఎత్తనివ్వలేదు.

ఛాతీ ఒక పక్క హఠాత్తుగా ఉబ్బి గట్టిపడితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, లోపల రక్తం చేరి గడ్డకట్టి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండో వారంలో వాడు "తప్పు చేశానా అక్కా?" అని ఏడ్చాడు. ఆపరేషన్ తర్వాత అలాంటి దిగులు చాలామందికి వస్తుందని డాక్టర్ ముందే చెప్పి ఉంటే మేం అంత టెన్షన్ పడేవాళ్లం కాదు. దయచేసి ఆ సంగతి కూడా వ్యాసంలో చేర్చండి.