స్టాన్లీకి ఒక పూట ఏం సరిపోతుంది?
అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఉన్న స్టాన్లీలో చూడడానికేమీ లేదని, భోజనానికి ఆగి ఎల్లోస్టోన్ జాతీయ పార్కు దారి పట్టమని ఒక యాత్రా వ్యాసంలో రచయిత ఇచ్చిన సలహా నాకు నచ్చలేదు. ఊరు చిన్నదే, 2020 జనాభా లెక్కల్లో 116 మంది. అయినా అక్కడికి ఎవరూ ఊరి కోసం వెళ్లరు కదా, పక్కనే నిలువునా లేచిన సాటూత్ పర్వతాల కోసం వెళతారు. కొండలెక్కలేని మా అమ్మానాన్నలు కూడా రెడ్‌ఫిష్ సరస్సులో పడవెక్కి అవతలి ఒడ్డు దాకా వెళ్లి, సాయంత్రమైనా తిరిగి రామన్నారు. పసిఫిక్ సముద్రం నుంచి దాదాపు 900 మైళ్లు ఏటికి ఎదురీది సాకై సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి వచ్చే సరస్సు అది. 1992లో ఒకే ఒక్క చేప తిరిగి వచ్చింది! ఆ తర్వాత చేపల పెంపక కేంద్రాల్లో చేపపిల్లలను పెంచి వదిలితేనే ఆ జాతి నిలిచింది. ఇక రాత్రి ఆకాశం సంగతి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. 2017లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా, అంటే దీపాల వెలుగు రాత్రి ఆకాశాన్ని కమ్మేయకుండా కాపాడే చోటుగా గుర్తించారు, పాలపుంత మామూలు కంటికే కనిపిస్తుంది. మధ్యాహ్నానికే వెళ్లిపోతే అది చూసేదెలా? ఉండదలచినవాళ్లు స్వెటర్లు తీసుకెళ్లండి, జులైలోనూ తెల్లవారుజామున వణుకు పుడుతుంది. శాకాహారులైతే పులిహోర కలుపుకుని వెళ్లడం మేలు.