చావును చూపించకుండా చెప్పే టైటిల్స్

తెరమీద చావు అనగానే ఉరుములు, నెత్తురు, గుండె పిండేసే వయొలిన్ గుర్తొస్తాయి. 2001లో అమెరికాలో హెచ్‌బీఓ టీవీ ఛానెల్ ప్రసారం మొదలుపెట్టిన ‘సిక్స్ ఫీట్ అండర్’ సీరియల్ ప్రతి ఎపిసోడ్ మొదట్లో వచ్చే టైటిల్స్‌లో అవేవీ ఉండవు. అయినా చావు గురించి అంత సూటిగా మాట్లాడిన టైటిల్స్‌ను నేను ఇంకెక్కడా చూడలేదు.

లాస్ ఏంజెలిస్‌లో శవాలను అంత్యక్రియలకు సిద్ధం చేసే ఫిషర్ కుటుంబం కథ ఇది. టైటిల్స్‌లో కనిపించేవి ఇవి: నీలాకాశంలో కాకి ఎగురుతుంది. కొండమీద ఒంటరి చెట్టు. కలిసి ఉన్న రెండు చేతులు విడిపోతాయి. తర్వాత ఎవరో చేతులు కడుక్కుంటారు. టైటిల్స్ అసలు విషయమంతా ఈ రెండు షాట్లలోనే ఉందని నాకనిపిస్తుంది. చావు ఒకరికి ఎడబాటు, మరొకరికి ఆ రోజు చేయాల్సిన పని. ఆపైన కాలివేలికి కట్టిన చీటీ, స్ట్రెచర్ చక్రం, తల మీద దూది, చూస్తుండగానే వాడిపోయే లిల్లీ పూలు. సీసాలో ద్రవం మట్టం నెమ్మదిగా దిగుతుంది. శవం పాడవకుండా శరీరంలోకి ఎక్కించే మందు అది. ఎవరు పోయారో మాత్రం చెప్పరు. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే మనకు ఆ పక్షి అపశకునంలానే కాక, వచ్చి వెళ్లే పెద్దల్లా కూడా తోస్తుంది.

థామస్ న్యూమన్ సంగీతం ఏడవదు. తీగలను మీటుతూ, పని మీద బయల్దేరిన మనిషి నడకలా చురుగ్గా సాగుతుంది. విషాద రాగం పెట్టి ఉంటే, మనం బాధపడాలని ముందే ఆజ్ఞాపించినట్టయ్యేది. ఇక్కడ ఏం అనుకోవాలో మనకే వదిలేశారు. 2002లో ఈ సంగీతానికీ, టైటిల్ డిజైన్‌కూ రెంటికీ అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీలు వచ్చాయి.

దీన్ని రూపొందించిన డిజిటల్ కిచెన్ సంస్థే తర్వాత ‘డెక్స్‌టర్’ అనే మరో సీరియల్ టైటిల్స్ చేసింది. అందులో హంతకుడు గడ్డం గీసుకుంటాడు, మాంసం వేయిస్తాడు, బూటు లేసు బిగిస్తాడు. చచ్చేది ఒక దోమ మాత్రమే. కానీ పళ్ల సందులు శుభ్రం చేసుకునేటప్పుడు వేళ్లకు బిగుసుకున్న దారాన్ని చూస్తే మెడ తడుముకోవాలనిపిస్తుంది. తెలివైన పనే. కాకపోతే అది హింస గురించి, చావు గురించి కాదు. నా ఓటు మొదటిదానికే.

2017లో నెట్‌ఫ్లిక్స్ ‘స్కిప్ ఇంట్రో’ బటన్ తెచ్చాక టైటిల్స్ దాటేయడం అందరికీ అలవాటైపోయింది. ఈ సీరియల్ విషయంలో అది నిజంగా నష్టం. 63 ఎపిసోడ్లలో ఆ దృశ్యాలు మారవు, చూసే మనం మారతాం. మొదటి సీజన్‌లో ఆ చీటీ కట్టిన పాదాలు ఎవరివో మనకు పట్టదు. చివరి సీజన్‌లో ఫిషర్ కుటుంబంలోని పెద్ద కొడుకు నేట్ చనిపోయాక అవే పాదాలు అతనివిగా కనిపిస్తాయి. ఆ షాట్‌లో కొత్తగా ఏమీ చేర్చలేదు. బటన్ నొక్కేసినవాళ్లకు ఈ అనుభవం దక్కదు.