గజం ఎంతుంటది?

పోయిన ఎండాకాలం మా చిన్నాయన సికింద్రాబాద్ నుంచి వచ్చి మూడు వారాలు బెర్లిన్‌లో మా ఇంట్లో ఉన్నాడు. బ్రాండెన్‌బుర్గ్ గేటు, గోడ ముక్కలు, మ్యూజియంలు అన్నీ తిప్పి చూపించాను. ఏదీ ఆయన కంటికి పెద్దగా ఆనలేదు. ఒక సాయంత్రం మా ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న టెంపెల్‌హోఫ్ మైదానానికి తీసుకెళ్తే మాత్రం గేటు దాటగానే నిలబడిపోయాడు. కనుచూపు మేర గడ్డి, మధ్యలో రెండు రన్‌వేలు, ఆ కొసన పాత విమానాశ్రయం. చాలాసేపు చూసి, "గింత జాగ ఉట్టిగనే ఇడిసిపెట్టిన్రా? ఈడ గజం ఎంతుంటది బిడ్డా?" అన్నాడు.

నవ్వాను గానీ, ఆయన్ని అనే హక్కు నాకు లేదు. బెర్లిన్ వచ్చిన కొత్తలో నేనూ ఇదే లెక్క వేశాను. ఒక గది ఇల్లు చూడ్డానికి వెళ్తే మెట్ల మీద నాలుగో అంతస్తు నుంచి వీధి దాకా వరస. చేతిలో జీతం కాగితాలు, అప్పులు లేవనే ధ్రువీకరణ, పాత ఓనరు ఇచ్చిన ఉత్తరం. ఏడు నెలల్లో ముప్పై ఇళ్ళు చూశాను. ఆ రోజుల్లో ఈ మైదానం పక్కగా సైకిల్ మీద పోతుంటే కడుపు మండేది. మూడు వందల హెక్టార్లు, మన లెక్కలో దాదాపు 750 ఎకరాలు. అంత నేల గడ్డికి వదిలేసి మమ్మల్ని మెట్ల మీద నిలబెడతారా అనుకునేదాన్ని.

ఇప్పుడు మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక విజ్ఞాపన తిరుగుతోంది. మైదానం అంచున ఒక సాంస్కృతిక భవనానికి జాగా, లోపల ఒక పక్కా క్రికెట్ పిచ్ అడుగుదామని. పెట్టినవాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళతో కలిసి ఉగాది పచ్చడి కలిపినదాన్నే. అయినా నేను సంతకం పెట్టలేదు. ఎందుకని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు కాబట్టి, ఇక్కడే చెబుతాను.

ఆ నేల కథ విమానాలతో మొదలవలేదు. 1720ల నాటికే ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విల్హెల్మ్ తన సైన్యానికి అక్కడ కవాతు చేయించేవాడు. చరిత్ర ఆయనకు సిపాయి రాజు అనే పేరు ఊరికే పెట్టలేదు. అప్పట్నుంచి రెండు వందల ఏళ్ళు అది సైనిక శిక్షణ మైదానం. కవాతు లేని రోజుల్లో మాత్రం జనం వచ్చి గడ్డిమీద కూర్చునేవాళ్ళు, పిల్లలు ఆడుకునేవాళ్ళు. 1880ల్లో బెర్లిన్ తొలి ఫుట్‌బాల్ జట్లు ఆడింది అక్కడే. మన పరేడ్ గ్రౌండ్స్ పక్కన పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పేరుకి మిలిటరీది, సాయంత్రమైతే ఊరిది.

1909లో ఓర్విల్ రైట్ అక్కడ విమానం ఎగరేసి చూపించాడు. 1923లో విమానాశ్రయం వచ్చింది. తర్వాత నాజీలు. మైదానం ఉత్తరపు అంచున కొలంబియా హౌస్ అనే పాత సైనిక జైలుని గెస్టపో (నాజీల రహస్య పోలీసు) వాడుకుంది, 1934 చివర్నుంచి 1936 దాకా అది అధికారికంగా నిర్బంధ శిబిరం. పక్కనే కిలోమీటరుకు పైగా పొడవున, విల్లులా వంగిన ఆ పెద్ద విమానాశ్రయ భవనం కట్టారు. యుద్ధకాలంలో అక్కడ వెట్టి కార్మికుల చేత యుద్ధవిమానాలు తయారు చేయించారు. 1948 జూన్‌లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు దారులన్నీ మూసేస్తే, బొగ్గు, పిండి, పాలపొడి విమానాల్లో వచ్చి ఈ రన్‌వేల మీదే దిగాయి. ఇక్కడి ముసలివాళ్ళ దగ్గర టెంపెల్‌హోఫ్ పేరెత్తితే ముందు గుర్తొచ్చేది అదే. 2008 అక్టోబర్ 30న విమానాశ్రయం మూతపడింది. 2010 మేలో గేట్లు తెరిచారు.

అంతే, తెరిచారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే ముక్క ఇదే. ఫౌంటెన్లు లేవు, పూలపాన్పులు లేవు, స్వాగత తోరణం లేదు. కంచెలో గేట్లు తీసి, కొన్ని మరుగుదొడ్లు, కొన్ని బల్లలు పెట్టి, మాంసం కాల్చుకునే చోట్లు, కుక్కల్ని వదిలే చోట్లు గుర్తించి జనాన్ని రానిచ్చారు. జనం తమంతట తామే దానికి వాడకం కనిపెట్టారు. రన్‌వే మీద చక్రాల బూట్లు, గాలిపటం కట్టిన బండ్లు, సైకిల్ నేర్చుకునే నలభై ఏళ్ళ ఆడవాళ్ళు (అందులో నేనొకతెను). తూర్పు వైపు 2011లో కొందరు చెక్క డబ్బాల్లో మట్టి పోసి కూరగాయలు పెంచడం మొదలుపెట్టారు. పాత కుర్చీలు, మంచాలు, బాత్‌టబ్బులు అన్నీ మళ్ళయ్యాయి. నేలలోకి తవ్వకుండా పైన మట్టి పోసుకోవడం అక్కడి పద్ధతి. పోతే పోయినట్టు తీసేయొచ్చు. అక్కడొక అక్క దగ్గర నేను గోంగూర చూశాను. బాగా పుల్లగా లేదు గానీ గోంగూరే.

ప్రభుత్వం ఊరుకుంటుందా? 2011లో పెద్ద పోటీ పెట్టి ఎడిన్‌బర్గ్‌కు చెందిన గ్రాస్ మ్యాక్స్ అనే సంస్థ గీసిన పార్కు నమూనాని ఎంచుకుంది. అందులో అరవై మీటర్ల ఎత్తున ఎక్కడానికి ఒక కృత్రిమ కొండ. ఆ పక్కనే పెద్ద నీటి మడుగు, కొత్త దారులు, చెట్ల గుంపులు. అంచుల్లో 4,700 ఇళ్ళు, ఆఫీసులు, నగరానికి కొత్త గ్రంథాలయం. బొమ్మల్లో చూస్తే అందంగానే ఉంటుంది, కాదనను. జనం సంతకాలు పోగుచేసి ప్రజాభిప్రాయ సేకరణ దాకా తెచ్చారు. 2014 మే 25న ఓటు వేసినవాళ్ళలో 64 శాతానికి పైగా మైదానాన్ని మొత్తంగా అలాగే ఉంచే చట్టానికి ఓటేశారు. పన్నెండు జిల్లాల్లో ఒక్కటి కూడా ప్రభుత్వం వైపు మొగ్గలేదు. ఊరికి ఆ చివర, ఈ చివర ఉండే జిల్లాలు కూడా అదే తీర్పిచ్చాయంటే అది చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ స్వార్థం మాత్రమే అని కొట్టిపారేయలేం. అంచు ఇళ్ళు, కొండ, గ్రంథాలయం అన్నీ కాగితాల్లోనే ఉండిపోయాయి.

ఇప్పుడు మళ్ళీ అదే గొడవ. ఇళ్ళ కరువు పెరిగింది, ఇప్పటి నగర ప్రభుత్వం అంచుల్లో కట్టాలంటోంది. 2024లో చీటీ వేసి ఎంచిన కొందరు పౌరుల్ని కూర్చోబెట్టి చర్చ పెడితే, ఎక్కువమంది కట్టొద్దనే అన్నారు. ప్రభుత్వం కోరుకున్న జవాబు అది కాదనుకుంటా, మాట మాత్రం ఆగలేదు.

ఇళ్ళ సంగతి నేను తేలిగ్గా తీసెయ్యను. మెట్ల మీద నిలబడినదాన్ని. అయితే ఈ ఊళ్ళో అనుమతి వచ్చి కూడా కట్టకుండా ఆగిన ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. ఆగింది నేల లేక కాదు, వడ్డీలు, కట్టుబడి ఖర్చు, కూలీల కొరత. పైగా మైదానం అంచు, పార్కు కనిపించే కిటికీ. అక్కడ కట్టే ఇల్లు నా జీతానికి, మొన్న హైదరాబాద్ నుంచి వచ్చిన స్టూడెంటుకి అందుతుందని ఎవరు హామీ ఇచ్చారు? ఇంకొక మాట. ఈ మైదానంలో అంచు కొయ్యడం ఇదే మొదలు కాదు. 1910లో సైన్యం పడమటి భాగాన్ని ఇళ్ళకోసం అమ్మేసింది. ఇప్పుడు అక్కడ చక్కని పెంకుటిళ్ళ కాలనీ ఉంది, నేను కూడా ఆదివారాలు నడుస్తాను. ఆ కాలనీ వల్ల ఊరికి ఇళ్ళ కరువు తీరిందని మాత్రం ఎవరూ అనరు. అంచు అంటే ఎక్కడ ఆగుతుందో చెప్పే అంచు ఏదీ లేదు.

డిజైన్ వద్దంటున్నావా అని మన వాళ్ళలో ఒక ఆర్కిటెక్ట్ తమ్ముడు అడిగాడు. కాదు నాయనా, అక్కడ డిజైన్ కంటికి కనపడని చోట ఉంది. మధ్య గడ్డిలో భరతపక్షులు (స్కైలార్క్‌లు) గూళ్ళు పెడతాయి. నేలమీదే పెడతాయి, చెట్టు మీద కాదు. పెద్ద నగరం నడిబొడ్డున అన్నేసి జంటలు ఉండటం అరుదు. మగ పక్షి నిట్టనిలువుగా గాల్లోకి లేచి, చుక్కంత అయ్యేదాకా పాడుతూనే ఉంటుంది. ఆ పాట నిలబడాలంటే ఏ నెలలో ఏ ముక్క గడ్డి కొయ్యాలి, ఏది ముట్టకూడదు, కుక్కల్ని ఎక్కడ ఆపాలి అన్నీ లెక్క వెయ్యాలి. వసంతం నుంచి నడివేసవి దాకా బోర్డులు పెట్టి ఆ భాగంలోకి రావద్దంటారు. జనం వింటారు. మరో నిర్ణయం, పొద్దుగూకగానే గేట్లు మూసెయ్యడం. మొదట నాకు చిరాకేసేది. రాత్రంతా తెరిచి ఉంటే దీపాలు కావాలి, దీపాలుంటే స్తంభాలు, స్తంభాలకు తవ్వకాలు. బెర్లిన్‌లో ఎక్కడ తవ్వినా ముందు పేలని బాంబు ఉందేమో చూసుకోవాలి. వేసవి రాత్రుల్లో ఈ గడ్డి చల్లబడి పక్కనున్న ఇరుకు వీధుల్లోకి ఆ చల్లగాలిని వదులుతుంది. మా ఇంటి కిటికీ తెరిస్తే నాకు తెలుస్తుంది, ఫ్యాను కొనాల్సిన పని పడలేదు.

అన్నీ బావున్నాయనట్లేదు. నీడ లేదు. జులై మధ్యాహ్నం రన్‌వే మీద నిలబడితే రెంటచింతలే. మరుగుదొడ్లు చాలవు, ఉన్నవి దూరం. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారిని ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడిపించలేం. కొలంబియా హౌస్ స్మారకం రోడ్డుకి అవతలగా ఉంటుంది, పార్కుకి వచ్చే వందమందిలో తొంభైమంది దాన్ని చూడరు. కొండలు కట్టే డబ్బులో పదో వంతు ఈ పనులకు పెడితే చాలు.

కాలిఫోర్నియాలో ఇర్వైన్ వైపు ఉన్న మన బంధువులకు దీనికి తలకిందులైన కథ తెలుసు. ఎల్ టోరో అనే మెరైన్ సైనిక విమాన స్థావరం 1999లో మూతపడింది. 2002లో ఓటర్లు విమానాశ్రయం వద్దు, పార్కు కావాలన్నారు. 2006లో కెన్ స్మిత్ అనే డిజైనర్ని ఎంచుకున్నారు. నమూనాలో మైళ్ళ పొడవున మనుషులు తవ్వే ఒక లోయ కూడా ఉంది. ముందుగా వచ్చింది మాత్రం జనాన్ని పైకి లేపి చూపించే నారింజ రంగు బెలూను. లోయ రానే లేదు. చుట్టూ ఇళ్ళు మాత్రం వచ్చాయి. మా వదిన వాళ్ళు అక్కడే కొనుక్కున్నారు, పిల్లలు సాకర్ మైదానాల్లో ఆడుకుంటారు, సంతోషమే. ఎక్కువ గీసిన చోట ఎక్కువ మిగలదని మాత్రం నాకు అనిపిస్తుంది.

సికింద్రాబాద్‌లో మా చిన్నాయన సంగతికి వస్తాను. 2017లో బైసన్ పోలో, జింఖానా మైదానాల్లో కొత్త సచివాలయం కడతామని తెలంగాణ ప్రభుత్వం రక్షణ శాఖను భూమి అడిగినప్పుడు, పొద్దున్నే నడిచేవాళ్ళు, క్రికెట్ ఆడే పిల్లలు, పాత కంటోన్మెంట్ కుటుంబాలు రోడ్డెక్కారు, కోర్టుకు వెళ్ళారు. ఆ మైదానాలు అలాగే ఉన్నాయి. సచివాలయం చివరికి సైఫాబాద్‌లో పాతదాన్ని కూల్చినచోటే కట్టి 2023 ఏప్రిల్ 30న తెరిచారు. ఆ గొడవలో మా చిన్నాయన ఏ వైపు ఉన్నాడో తెలుసా? మైదానం వైపు. చేతిలో అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆ మాట గుర్తుచేస్తే టెంపెల్‌హోఫ్ గేటు దగ్గర నన్ను గుడ్లురిమి చూశాడు. "అది మనది గదనే" అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. రన్‌వే సగం దాకా నడిచాక "గాలి మంచిగుంది" అన్నాడు, అంతే.

మనది అంటే ఏంటో కూడా కాస్త ఆలోచించుకోవాలి. 2014 ఓటింగులో జర్మన్ పౌరులకే ఓటు. మనలో ఎక్కువమందికి లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఏ పౌరసత్వం లేకుండానే ఆదివారం చాప పరుచుకుని పులిహోర తిన్నాం అక్కడ. పక్కన టర్కీ కుటుంబం, ఇటు సిరియా కుర్రాళ్ళు, అవతల నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న బెర్లిన్ ముసలాయన. ఎవరికీ ప్రత్యేకంగా కట్టలేదు కాబట్టే అందరికీ చోటు దొరికింది. మనకొక తెలుగు భవనం, వాళ్ళకొక టర్కీ భవనం, మరొకరికి టెన్నిస్ కోర్టులు అని మొదలైతే ప్రతి ముక్కకూ తాళం, ప్రతి తాళానికీ బుకింగు, బుకింగుకి ఒక కమిటీ. కమిటీల సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. క్రికెట్ ఆడాలంటే ఒలింపిక్ స్టేడియం పక్కన మైఫెల్డ్‌లో ఏళ్ళ తరబడి క్లబ్బులు ఆడుతూ వచ్చాయి, దానికోసం అడుగుదాం. అదీ 1936 నాటి కవాతు గడ్డే. టెన్నిస్ బంతితో గల్లీ క్రికెట్‌కి రన్‌వేని మించిన పిచ్ ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి కార్యవర్గానికి నా మనవి ఇది. విజ్ఞాపన పంపండి, కానీ మార్చి పంపండి. భవనం మాట తీసెయ్యండి. ఓడర్ వీధి గేటు దగ్గర తాగునీటి కుళాయిలు, పెద్దవాళ్ళకు నీడలో బల్లలు, ఇంకొన్ని మరుగుదొడ్లు అడగండి. దాని మీద అయితే మా ఇంట్లో ముగ్గురం సంతకం చేస్తాం.

ఇంకోటి, జనవరిలో సంక్రాంతి గాలిపటాలు ఈసారి అక్కడే. పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగుల పండగ పెడతారు కదా, మనం ఇక్కడ పెట్టుకుందాం. ఆ నెలలో భరతపక్షులు ఉండవు, గూళ్ళ గొడవ లేదు. గాజుపొడి మాంజా తేవద్దు, సైకిళ్ళవాళ్ళ మెడలకు తగులుతుంది, మామూలు నూలు దారం చాలు. గ్లౌజులు వేళ్ళు తెరిచి ఉన్నవి తెచ్చుకోండి. మందపు గ్లౌజులతో పోయినసారి దారం ఎప్పుడు తెగిందో నాకు తెలియనే లేదు, పతంగి ఆ పాత విమానాశ్రయ భవనం కప్పు మీద పడింది. ఇంకా అక్కడే ఉన్నట్టుంది.