ముఖం దాచుకున్నందుకు విడిగా శిక్ష ఉండాలి

ఇప్పుడే పోలీస్ స్టేషన్ నుంచి వచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు. పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

పొద్దున ఐదున్నరకి మా అమ్మ రోజూలాగే వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గేస్తోంది. బండి మీద ఇద్దరొచ్చారు. వెనకవాడు దిగి ఎవరిదో ఇల్లు అడుగుతూ దగ్గరికొచ్చి మెడలో చెయ్యేశాడు. అమ్మ గట్టిగా పట్టుకుంది కాబట్టి పుస్తెలు మిగిలాయి. నల్లపూసల గొలుసు తెగి సగం వాడి చేతిలోకి పోయింది. పెద్దగా ఏం పోలేదు కదా అంటున్నారు అందరూ. అరవై రెండేళ్ల మనిషి మధ్యాహ్నం దాకా వణుకుతూనే ఉంది. మెడ మీద ఎర్రటి గీత అలాగే ఉంది.

ఎదురింటివాళ్ల సీసీ కెమెరాలో అంతా రికార్డయింది. ఏం లాభం? హెల్మెట్, దాని కింద మంకీ క్యాప్. కళ్లు తప్ప ఇంకేం కనపడవు. నంబర్ ప్లేటుకి కూడా మాస్క్ తగిలించారు. స్టేషన్లో ఆ వీడియో చూసి "మొహం కనపడట్లేదు కదమ్మా, చూద్దాం" అన్నారు. రెండు గంటలు కూర్చుంటే దొరికిన సమాధానం ఇది.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కుపోవడాన్ని 304వ సెక్షన్ కింద విడి నేరం చేశారు. మూడేళ్ల వరకు జైలు. మంచి పనే. కానీ మొహం కనపడేలా వచ్చి లాక్కున్నా, మంకీ క్యాప్ వేసుకొచ్చి లాక్కున్నా అవే మూడేళ్లు. ఆ సెక్షన్లో ముసుగు ఊసే లేదు. ఎందుకు లేదు? ముసుగేసుకుని వచ్చినవాడు అప్పటికప్పుడు బుద్ధి గడ్డి తిని చేసినవాడు కాదు. ఇంట్లో బయల్దేరేటప్పుడే నేరం చేయాలని, దొరక్కూడదని, రెండూ అనుకుని వచ్చినవాడు.

ఇది మన చట్టానికి కొత్త సంగతా అంటే అదీ కాదు. ఆకాశరామన్న ఉత్తరం రాసి ఎవరినైనా బెదిరిస్తే, బెదిరించినందుకు పడే శిక్ష మీద ఇంకో రెండేళ్ల వరకు అదనంగా వేయొచ్చు. పేరూ ఊరూ దాచినందుకు ఆ అదనం. 1860 నాటి ఐపీసీలో 507వ సెక్షన్, ఇప్పుడు న్యాయ సంహితలో 351(4). ఉత్తరం కింద పేరు దాస్తే అదనపు శిక్ష ఉన్నప్పుడు, మా అమ్మ మెడ మీద చెయ్యేసినవాడు మొహం దాస్తే ఎందుకు ఉండదు?

ఇంకో మాట. చలాన్లు తప్పించుకోడానికి నంబర్ ప్లేటుకి మాస్క్ తగిలించిన వాళ్ల మీద హైదరాబాద్‌లో చీటింగ్ కేసులు పెట్టారు. బండి మొహం దాస్తే కేసు ఉంది. మనిషి మొహం దాస్తే లేదు. చలానా డబ్బుకున్న విలువ ఆడవాళ్ల మెడకి లేదా?

కెనడాలో పెద్ద నేరం చేసే ఉద్దేశంతో మొహం కప్పుకుంటే దానికే పదేళ్ల వరకు జైలు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో మాస్క్ వేసుకుని నేరం చేస్తే ఆ నేరాన్ని ఒక మెట్టు పైకి జరిపి శిక్ష వేస్తారు. మన దగ్గర చెడ్డీ గ్యాంగ్ దొంగలు మొహాలకి తుండుగుడ్డలు చుట్టుకుని అపార్ట్‌మెంట్లలో తిరిగే వీడియోలు ప్రతి వాట్సాప్ గ్రూపులో చూశాం. 2020 జనవరి 5న ఢిల్లీ జేఎన్‌యూలో ముసుగులేసుకున్న గుంపు రాడ్లతో హాస్టళ్లలోకి వెళ్లి పిల్లల తలలు పగలగొట్టడం దేశమంతా చూసింది. అయినా ఎవరికీ పట్టలేదు.

దుమ్ముకి చున్నీ చుట్టుకునే అమ్మాయిల సంగతేంటి, బురఖా సంగతేంటి అని కామెంట్ పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల జోలికి ఎవరూ వెళ్లకూడదు. 2019లో హాంకాంగ్‌లో నిరసనలకి వచ్చేవాళ్లు మాస్కే వేసుకోకూడదన్నారు, అలాంటిది నేను అడగట్లేదు. నేరం రుజువయ్యాక, ఆ నేరం కోసమే మొహం దాచాడని తేలాక, దానికి విడిగా శిక్ష వేయమంటున్నాను.

అసలు నన్ను ఎక్కువ కాల్చేది చట్టం కూడా కాదు. ఇంటర్ చదివేటప్పుడు సాయంత్రం ట్యూషన్ నుంచి నడిచి వస్తుంటే కర్చీఫ్ కట్టుకున్నవాడు ఒకడు బండి మీద పక్క నుంచి పోతూ ఒంటి మీద చెయ్యేశాడు. ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే మొదటి ప్రశ్న "మొహం చూశావా?" చూడలేదన్నాను. అంతే, అక్కడితో అయిపోయింది. నెల రోజులు ట్యూషన్ మానిపించారు. వాడు మొహం కప్పుకున్నాడు, ఇంట్లో కూర్చున్నది నేను.

ఇవాళా అదే. పొద్దున నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. "బంగారం వేసుకుని వాకిట్లోకి ఎందుకెళ్లింది?", "అంత చీకట్లో ముగ్గేంటి?" ఒక్కరంటే ఒక్కరు ఆ మంకీ క్యాప్ వాడిని ఒక మాట అనలేదు. తన వాకిట్లో, తన మెడలో, తన గొలుసుతో నిలబడ్డ మనిషిదా తప్పు? అమ్మ ఇప్పుడు నల్లపూసలు తీసేసి బీరువాలో పెట్టింది. నలభై ఏళ్లలో మొదటిసారి.

చుట్టాలందరికీ ఇక్కడే చెబుతున్నా. అమ్మ ఫోన్ నా దగ్గరుంది. బంగారం ఎందుకు వేసుకుందని అడగాలనుకునేవాళ్లు చేయండి, నేనే ఎత్తుతాను.