జాన్ వుడెన్ 15 ఏళ్ళు ఓడిపోలేదు, ఆ ఫార్వర్డ్ మెసేజ్ తప్పు

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది, ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంది అది. అందులో ఉన్నదేంటంటే, అమెరికాలో జాన్ వుడెన్ అని ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ ఉండేవాడు, యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) టీముతో 15 ఏళ్ళు వరసగా ఓడిపోతూనే ఉన్నాడు, అయినా కాలేజీ వాళ్ళు ఓపిగ్గా ఆయన్నే ఉంచుకున్నారు, 53 ఏళ్ళ వయసులో ఒక్కసారిగా దశ తిరిగి 12 ఏళ్ళలో 10 సార్లు నేషనల్ ఛాంపియన్ అయ్యాడు, కాబట్టి ఓటమికి భయపడకండి మీ టైం కూడా వస్తుంది అని. ఆయన ప్లేయర్లకి సాక్సు తొడుక్కోవడం కూడా నేర్పేవాడని ఇంకో ముక్క. కింద దండం బొమ్మలు, మంట బొమ్మలు.

బావగారు మంచి మనసుతోనే పెట్టారు, అందులో అనుమానం లేదు. వాళ్ళబ్బాయి, అంటే నా మేనల్లుడు, ముందురోజే స్కూల్ మ్యాచ్‌లో ఓడిపోయి వచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదట. వాడు ఆ మెసేజ్ చదివి నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "మామయ్యా, అయితే నేనింకా 15 ఏళ్ళు ఓడిపోవాలా?" అని. అది విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. నేను కాలేజీ రోజుల్నుంచీ బాస్కెట్‌బాల్ ఆడేవాణ్ణి, ఇప్పటికీ సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తుంటా, వుడెన్ గురించి దొరికిందల్లా చదివా, ఆయనంటే నాకు గౌరవం. అందుకే ఆ మెసేజ్‌లో ఒక్కో ముక్కా తీసుకుని చెప్తా.

ముందు ఆ 15 ఏళ్ళ ఓటమి సంగతి. ఇది పూర్తిగా అబద్ధం. 1948లో ఆయన లాస్ ఏంజెలెస్ వచ్చేటప్పటికి యూసీఎల్‌ఏ అంతకుముందు సీజన్లో 12 గెలిచి 13 ఓడిన టీము. కొత్త కోచ్ వచ్చిన ఏడాది వాళ్ళు ఆఖరి స్థానంలో ఉంటారని అంచనాలు వేశారు. ఆ ఏడే 22 గెలిచి 7 ఓడి వాళ్ళ డివిజన్లో ఫస్టొచ్చారు. రెండో ఏడాది 24 గెలిచి 7 ఓడి మొత్తం పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్సే, అంటే ఆ ప్రాంతం కాలేజీల లీగే, కొట్టేశారు. మెసేజ్ "ఓడిపోయాడు" అంటున్న ఆ మొదటి 15 సీజన్లు, అంటే 1948-49 నుంచి 1962-63 దాకా, నేను కూర్చుని ఒక్కో ఏడూ కూడా కూడి చూశా, 285 గెలుపులు, 125 ఓటములు. నూటికి దాదాపు 70 మ్యాచ్‌లు గెలిచిన లెక్క. అన్నిట్లోకీ చెడ్డ సీజన్ 1959-60, అప్పుడు కూడా 14 గెలిచి 12 ఓడారు. గెలుపులకంటే ఓటములు ఎక్కువైన సీజన్ యూసీఎల్‌ఏలో ఆయనకున్న 27 ఏళ్ళలో ఒక్కటి కూడా లేదు. అలాంటిది ఆయన జీవితంలో ఒకటుంది, అది కాలేజీలో కూడా కాదు, కెంటకీలో డేటన్ అనే చిన్న ఊళ్ళో హైస్కూల్ కోచ్‌గా చేరిన మొట్టమొదటి ఏడు, 6 గెలిచి 11 ఓడారు. అప్పటికాయనకి పాతికేళ్ళు కూడా లేవు.

మరి అంత బాగా ఆడితే కప్పు ఎందుకు రాలేదు అని మేనల్లుడు అడిగాడు, మంచి ప్రశ్నే. నేషనల్ ఛాంపియన్ని తేల్చేది ఎన్‌సీఏఏ అనే కాలేజీ క్రీడల సంఘం నడిపే టోర్నమెంట్, అప్పట్లో అది ఇప్పట్లాంటిది కాదు. ఇప్పుడు 60కి పైగా టీములు ఆడతాయి. 1950లో దేశం మొత్తం మీద 8 టీములే. ఆ తర్వాత పెంచినా కూడా, 1975 దాకా ఒక కాన్ఫరెన్స్‌ నుంచి ఒక్క టీముకే ప్రవేశం, రెండో స్థానం వస్తే ఇంటికే. పైగా ఒక్క మ్యాచ్ ఓడితే కప్పు ఆశ అయిపోయినట్టే. అంత ఇరుకు దారిలో కూడా ఆ 15 ఏళ్ళలో ఐదుసార్లు లోపలికి వెళ్ళారు, 1950, 1952, 1956, 1962, 1963. 1956లో ఎదురొచ్చింది ఎవరనుకున్నారు, తర్వాత బాస్కెట్‌బాల్ దిగ్గజమైన బిల్ రస్సెల్ ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో టీము, ముందు ఏడూ ఆ ఏడూ కప్పు వాళ్ళదే. 1962లో సెమీస్ దాకా వచ్చి సిన్సినాటీ చేతిలో 72-70, రెండంటే రెండు పాయింట్లు, ఆ సిన్సినాటీయే వరసగా రెండో ఏడు కూడా కప్పు ఎత్తింది. మన దగ్గర జిల్లా ఫస్టొచ్చి స్టేట్ ఫస్ట్ రెండు మార్కుల్లో పోయిన పిల్లోణ్ణి ఫెయిలయ్యాడు అంటామా చెప్పండి? ఆ మెసేజ్ రాసినాయన అదే అంటున్నాడు, కప్పు లేకపోతే లెక్కే లేదన్నట్టు. నాకు అసలు బాధ అక్కడే, ఎందుకంటే నువ్వు చెయ్యగలిగినంతా చేశానన్న మనశ్శాంతే విజయం అని జీవితమంతా చెప్పిన మనిషి వుడెన్, ఆయన పేరు పెట్టే దానికి పూర్తిగా ఎదురు మాట పంచుతున్నారు.

తర్వాత, కాలేజీ వాళ్ళ ఓపిక. ఇది తలకిందులుగా రాశారు. ఓపిక పట్టింది కాలేజీ కాదు, ఆయన! యూసీఎల్‌ఏకి వచ్చేటప్పుడు మూడేళ్ళలో సొంత స్టేడియం కట్టిస్తామని మాటిచ్చారు. అది పూర్తయి పౌలీ పెవిలియన్ అని తలుపులు తెరిచింది 1965లో, అప్పటికి ఆయన రెండు కప్పులు గెలిచేశారు కూడా. మధ్యలో అన్నేళ్ళూ ప్రాక్టీసు ఎక్కడంటే మెన్స్ జిమ్ అని ఒక పాత హాలు, గాలి సరిగ్గా ఆడేది కాదు, చెమట కంపుకి పిల్లలు దానికి వేరే ఎగతాళి పేరే పెట్టారు. ఒక పక్క జిమ్నాస్టిక్స్ వాళ్ళు, ఇంకో పక్క కుస్తీ వాళ్ళు, వాళ్ళు చేతులకి రాసుకునే సుద్దపొడి అంతా ఎగిరొచ్చి కోర్టు మీద పడేది. రోజూ ప్రాక్టీసుకి ముందు హెడ్ కోచ్, అవును హెడ్ కోచే, స్టూడెంట్ మేనేజర్లతో కలిసి తుడుపుకర్ర పట్టుకుని నేల తుడిచేవారు. తర్వాత ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అందులో అంత జనం కూర్చోకూడదన్నారు, దాంతో సొంత గ్రౌండ్ మ్యాచ్‌లు కూడా ఊళ్ళో వేరే వేరే హాళ్ళలో ఆడుకోవాల్సొచ్చింది. రెండేళ్ళకే ఆయన చదువుకున్న పర్డ్యూ వాళ్ళు వెనక్కి రమ్మని పిలిచారు, వెళ్ళాలనే ఉంది ఆయనకి, కానీ మూడేళ్ళ కాంట్రాక్టు కావాలని అడిగింది మీరే కదా అని యూసీఎల్‌ఏ వాళ్ళు గుర్తు చేస్తే మాట తప్పలేక ఉండిపోయారు. ఇంతా చేసి రిటైరయ్యేదాకా ఏడాది జీతం 35 వేల డాలర్లు దాటలేదు. ఎవరిది ఓపిక ఇందులో?

53 ఏళ్ళకి దశ తిరిగింది అన్నదానికి వద్దాం. అసలు ఈయన ఎవరికీ తెలియని మనిషి కాదు. ఇండియానాలో మార్టిన్స్‌విల్ హైస్కూల్ టీముతో 1927లో స్టేట్ ఛాంపియన్, పర్డ్యూలో మూడుసార్లు ఆల్ అమెరికన్, అంటే దేశంలో టాప్ కాలేజీ ఆటగాళ్ళ లిస్టులో పేరు. ఆటగాడిగా, కోచ్‌గా రెండు రకాలుగానూ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళిన మొదటి మనిషి ఈయనే. ఇక 1964లో జరిగింది దశ కాదు, అది ప్రెస్ అనే ఆట పద్ధతి. కొంచెం ఓపిగ్గా చదవండి, నాకు ఈ భాగం చాలా ఇష్టం.

ఆ రోజుల్లో కాలేజీ ఆటలో షాట్ క్లాక్ లేదు, అంటే ఇన్ని సెకన్లలో బుట్టకి విసరాలన్న లెక్క లేదు, బాల్ దొరికితే ఎంతసేపైనా చేతులు మార్చుకుంటూ కూర్చోవచ్చు. పొడుగు ప్లేయర్లున్న టీముకి అది వరం, నిదానంగా బాల్ తెచ్చి బుట్ట కింద ఉన్నవాడికి అందిస్తే చాలు. 1964 యూసీఎల్‌ఏలో మొదటి ఐదుగురిలో ఒక్కడు కూడా ఆరడుగుల ఐదంగుళాలు దాటలేదు. అసిస్టెంట్ కోచ్ జెర్రీ నార్మన్ పట్టుబట్టి జోన్ ప్రెస్ పెడదామన్నాడు, వుడెన్ ఒప్పుకున్నారు. అంటే వీళ్ళు బుట్ట వెయ్యగానే వెనక్కి పరిగెత్తరు, అక్కడే అవతలివాడి సగంలోనే కాపు కాస్తారు, ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు, వెనకాల ఒక్కడు. అవతలివాళ్ళకి బాల్ లోపలికి విసరడానికి 5 సెకన్లు, సగం గీత దాటడానికి 10 సెకన్లు. దారి మూసేస్తే ఏం చేస్తారు, కంగారుపడి పైకి విసురుతారు, అక్కడ వెనకాల కీత్ ఎరిక్సన్ కాచుకుని ఉంటాడు, అతను ఒలింపిక్స్‌లో వాలీబాల్ ఆడినవాడు, గాల్లో బాల్ లాక్కోవడం అతనికి అలవాటు. మొత్తం మ్యాచ్ ఇలా చేస్తే ఏదో ఒక రెండు మూడు నిమిషాల్లో అవతలి టీము కుప్పకూలేది. ఫైనల్లో డ్యూక్ వాళ్ళకి ఆరడుగుల పదంగుళాల వాళ్ళు ఇద్దరున్నారు, అయినా రెండున్నర నిమిషాల్లో వరసగా 16 పాయింట్లు ఇచ్చుకుని 98-83తో ఓడిపోయారు. ఆ సీజన్ యూసీఎల్‌ఏ 30కి 30 గెలిచింది. ఇంత పని చేస్తే దశ అంటున్నారు.

ఆ మెసేజ్‌కి ఎదురు వాదించేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ మాట ఏంటంటే ఆ పది కప్పులూ ఆల్సిండర్ (తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయ్యారు), బిల్ వాల్టన్ అనే ఇద్దరు పొడుగువాళ్ళ పుణ్యం, కోచ్‌దేం లేదు అని. వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఆల్సిండర్ ఉన్నవి 1967, 68, 69. వాల్టన్ ఉన్నవి 1972, 73. ఐదయ్యాయి. మిగతా ఐదు, 1964, 65, 70, 71, 75, ఈ ఇద్దరూ లేకుండానే వచ్చాయి. 1970 ఫైనల్లో అవతల ఏడడుగుల రెండంగుళాల ఆర్టిస్ గిల్మోర్, ఇవతల సిడ్నీ విక్స్ ఆరడుగుల ఎనిమిది, గెలిచింది విక్స్ వైపు, 80-69. పొట్టి టీముతో పరిగెత్తించారు, పొడుగువాడు దొరికితే ఆట మొత్తం వాడి చుట్టూ మార్చారు, వాడు వెళ్ళిపోయాక మళ్ళీ మార్చారు.

మెసేజ్‌లో 12 ఏళ్ళలో 10 కప్పులు కాక నిజమైన ముక్క ఇంకొక్కటుంది, సాక్సుల కథ. సీజన్ మొదటిరోజు ఆల్ అమెరికన్ కుర్రాళ్ళని కూడా కూర్చోబెట్టి సాక్సు ఎలా తొడుక్కోవాలో నేర్పేవారు, వేళ్ళ దగ్గర, మడమ దగ్గర ఒక్క మడత లేకుండా చేత్తో సర్దుకోవాలి, తర్వాత లేసులు బిగించి రెండు ముళ్ళు వెయ్యాలి. మడత ఉంటే బొబ్బ, బొబ్బ ఉంటే ప్రాక్టీసు పోయినట్టే. నేను మా పిల్లలకి ఇదే చెప్తా, మొదట్లో నవ్వుతారు, బొబ్బలెక్కాక నవ్వరు.

ఒకటి దాచకుండా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ మెసేజ్ రాసినాయన్లాగే అవుతా. శామ్ గిల్బర్ట్ అని ఒక డబ్బున్న బిల్డర్ ఆ టీము కుర్రాళ్ళకి బాగా దగ్గరగా ఉండేవాడు, రూల్స్‌కి విరుద్ధంగా సాయాలు చేశాడని తర్వాత బయటికొచ్చింది. ఎన్‌సీఏఏ 1981లో యూసీఎల్‌ఏకి శిక్ష వేసి 1980 రన్నరప్ స్థానం తీసేసింది. వుడెన్ కప్పుల జోలికి మాత్రం రాలేదు, ఆయన చేశాడని ఎవరూ తేల్చలేదు. కానీ తన పిల్లల చుట్టూ ఏం జరుగుతోందో ఇంకాస్త గట్టిగా అడిగి ఉండాల్సిందని నేననుకుంటా.

ఆయన గురించి ఏదైనా పంచాలనుంటే 1947 సంగతి పంచండి. అప్పుడాయన ఇండియానా స్టేట్ టీచర్స్ కాలేజీలో కోచ్. టీముకి పెద్ద టోర్నమెంట్‌కి ఆహ్వానం వచ్చింది, కానీ అందులో నల్లజాతి ఆటగాళ్ళకి ప్రవేశం లేదు, వీళ్ళ టీములో క్లారెన్స్ వాకర్ అనే కుర్రాడున్నాడు, అతన్ని వదిలేసి వెళ్ళాలి. వుడెన్ ఆ ఆహ్వానమే వద్దన్నారు. మరుసటి ఏడు వాళ్ళు ఆ రూల్ తీసేశారు, అప్పుడు అందరూ కలిసి వెళ్ళారు, వాకర్ ఆడాడు, ఫైనల్ దాకా వచ్చి లూయీవిల్ చేతిలో ఓడిపోయారు. మేనల్లుడికి ఈ కథ చెప్తే "ఓడిపోయినా బాగుంది మామయ్యా" అన్నాడు.

బావగారూ, మీ మెసేజ్ డిలీట్ చెయ్యక్కర్లేదు. "15 ఏళ్ళు ఓడిపోయాడు" అన్న లైను తీసేసి, "285 గెలిచాడు, 125 ఓడాడు, రోజూ నేల తుడిచాడు" అని మార్చి మళ్ళీ పెట్టండి. వీలైతే ఆ గ్రూపు నుంచి మీరు పంపిన మిగతా గ్రూపులకి కూడా.