మా ఓక్ కుర్చీ వంశవృక్షం

మన దగ్గర కుర్చీ ఎవరిదన్నదాని మీద జరగని గొడవ లేదు. దాన్ని చేసిందెవరని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. చరిత్రలోని ఈ పెద్ద లోటును హన్మకొండ కుమార్‌పల్లిలోని మా ఇల్లు పూర్తి బాధ్యతతో తీర్చిందని సవినయంగా మనవి.

మా నాన్న కాజీపేటలో రైల్వే గుమస్తాగా ఉన్నప్పుడు పాత సామాను హర్రాజు వేస్తే పాడుకొచ్చిన కుర్చీ అది. ఎండాకాలం వడియాల గుడ్డ ఎగిరిపోకుండా బరువు, బల్బు మార్చేటప్పుడు నిచ్చెన, మిగతా కాలమంతా అమ్మ ఆసనం. దసరా నాడు అమెరికా నుంచి వీడియో కాల్ చేసిన మా మేనల్లుడు, అమ్మమ్మ ముఖం కన్నా ఆమె వెనకున్న చెక్కనే ఎక్కువసేపు చూశాడు. "మామా, అది టేకు కాదు, ఓక్! యాంటిక్! ఎవరు చేసిన్రో కనుక్కో, లక్షలు పలుకుతది" అన్నాడు. అంతే, అమ్మ ప్లాస్టిక్ కుర్చీకి బదిలీ అయింది. ఓక్ కుర్చీకి తువ్వాల కప్పి సన్మానం చేశాం.

విచారణ సంఘం వేశాం. అధ్యక్షుణ్ని నేను. పక్కింటి రిటైర్డ్ సారు కార్యదర్శి. టార్చి పట్టడం మా వాడి పని.

ముందు చెక్క సంగతి. ఓక్‌కు హిమాలయాల్లో చుట్టాలున్నారు గానీ మన అడవిలో లేరు, ఆదిలాబాద్ అడవి టేకుది. ఓక్ దుంగను నడిమధ్య నుంచి బెరడు వైపుకు కోస్తే పలక మీద వెండి పూసినట్టు మెరిసే మచ్చలు తేలతాయి. మా కుర్చీ చేతుల మీద ఉన్నవి అవే. ఇన్నేళ్లూ మేం వాటిని అమ్మ తలనూనె మరకలనుకున్నాం. ఇంకో ఆనవాలు, మేకుల చుట్టూ నలుపు. ఓక్‌లో వగరు పదార్థం టానిన్ దండిగా ఉంటుంది. తడి తగిలితే అది ఇనుముతో కలిసి సిరాలా నల్లబడుతుంది. పాతకాలంలో రాసుకునే సిరా చేసిందీ ఓక్ చెట్టు మాచికాయల వగరు, ఇనుప లవణాలతోనే. అమ్మ ప్రతి పండక్కీ చింతపండు పెట్టి తోమింది ఈ నలుపునే. "సాక్ష్యాధారాల ధ్వంసం" అని కార్యదర్శి నోటుబుక్కులో ఎక్కించారు.

ఇక చేసినవాడి పేరు. కుర్చీని బోర్లా పడుకోబెట్టాం. ముద్ర ఉంటే సీటు అడుగునో, వెనక అడ్డచెక్క లోపలి వైపునో ఉంటుందట. అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ అనే ఆయన తన సామాను మీద వృత్తలేఖిని గుర్తు వేసేవాడు. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని కిల్‌బర్న్ ఊళ్లో రాబర్ట్ థాంప్సన్ (1876–1955) ఓక్ సామాను చేసి దాని మీద ఎక్కడో ఓ చోట చిన్న ఎలుకను చెక్కేవాడు.

"మామా, ఎలుక ఉందా?"

"ఎలుక లేదురా. ఎలుక పనితనం మాత్రం ముందు కాలుకు రెండు అంగుళాల మేర ఉంది."

మొదటి వాక్యం సరిగా వినపడలేదేమో, అరనిమిషం ఆనందపడ్డాడు.

అప్పుడు సీటు అడుగున తెల్లరంగు అక్షరాలు బయటపడ్డాయి: ఎన్.ఎస్.ఆర్. వడ్రంగి ఎన్. సుబ్బారావు అయి ఉంటాడని కార్యదర్శి పట్టుబట్టారు. కాదు, అది నిజాం స్టేట్ రైల్వే. ఇంగ్లిషు కంపెనీ చేతుల్లోంచి 1930లో నిజాం సర్కారు కొనుక్కున్న రైల్వే. అంటే ఉన్నది సొంతదారు ముద్ర, చేసినవాడిది కాదు. కుర్చీల మీద ఎవరి పేర్లు రాసుకుంటారో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

పోతే, ఒక స్క్రూ తల మీద ప్లస్ గీత ఉంది. ఆ రకం వచ్చిందే 1930ల్లో. మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట! నేరస్థలాన్ని పరీక్షించడానికి వీధి చివర వడ్లాయనను పిలిపించాం.

ఆయన టార్చి అడగలేదు. కాళ్లను ఒక్కొక్కటే తట్టి, వెనక కాలు సందులో బొటనవేలు గోరు పెట్టి చూశాడు. "ఈ మూడు మన దిక్కు కట్టె గాదు సారు. ఈ నాలుగోది టేకు. మా నాయిన చేసిండు. కుసి నడిమిట్ల వెదురు చీల కొట్టుడు ఆయన అలవాటు."

"అవు బిడ్డా, మీ నాయిననే," అంది అమ్మ ప్లాస్టిక్ కుర్చీలోంచి. "కాలిరిగితే వచ్చి చేసిండు. పొద్దుగూకేదాక కూసుండి చేసి, ఇక్కణ్నే తిన్నడు."

ఇంతకాలం ఎందుకు చెప్పలేదని సంఘం ఆమెను నిలదీసింది. మీరడిగిన్రా అంది.

శిల్పి పేరుతో పిలుస్తారని రామప్ప గుడి గురించి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పే జిల్లాలవాళ్లం కదా, ఆ సంప్రదాయం ప్రకారం నివేదికలో పేరు రాద్దామని కూర్చున్నాం. తండ్రి పేరు అడిగితే చెప్పాడు, రాసుకున్నాం. ఈయన పేరు దగ్గర పెన్ను ఆగింది. పన్నెండేళ్లుగా మా తలుపులు, దర్వాజాలు చిత్రిక పడుతున్న మనిషి. నా ఫోనులో చూస్తే "వడ్లాయన" అని ఉంది. కార్యదర్శి ఫోనులో "వడ్లాయన కొత్తది" అని ఉంది.

మేనల్లుడికి కబురు పంపాం. "కాలు మార్చిన్రా? అయితే రేటు పడిపోతది మామా" అని ఫోను పెట్టేశాడు.

అమ్మ లేచి తువ్వాల తీసి మడతపెట్టింది. తన కుర్చీలో కూర్చుని అటూ ఇటూ కదిలి చూసింది.

"ఆ ఇస్క్రూ జర బిగించు బిడ్డా, కదులుతాంది."