ఏడో ఇన్నింగ్స్‌కు మనిషేడీ?

2025 అక్టోబరు 20 రాత్రి, టొరంటో. బేస్‌బాల్‌లో అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్, ఏడో ఆట, తొమ్మిదింట ఏడో ఇన్నింగ్స్. సియాటెల్ మరైనర్స్ టొరంటో మీద 3–1తో ముందుంది. సియాటెల్ పిచర్ (బంతి వేసేవాడు) బ్రయన్ వూ మొదటి బ్యాటర్‌కు వాక్ ఇచ్చాడు, అంటే నాలుగు బంతులు గురి తప్పి మొదటి బేస్‌ను ఊరికే ఇచ్చాడు. రెండోవాడు సింగిల్ (ఒక బేస్ చేర్చే దెబ్బ) కొట్టాడు. మూడోవాడు బంట్ ఆడి (బంతిని మెల్లగా తట్టి), తాను ఔటై, ఆ ఇద్దర్నీ చెరో బేస్ ముందుకు జరిపాడు. ఇంకో ఎనిమిది ఔట్లు తీసి ఉంటే 1977లో పుట్టిన ఆ జట్టు మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల తుది పోరు) గడప తొక్కేది. మేనేజర్ డ్యాన్ విల్సన్ వూను తప్పించి ఎడువార్డ్ బజార్డోను దించారు. అతడి రెండో బంతిని జార్జ్ స్ప్రింగర్ ఎడమవైపు స్టాండ్స్‌లోకి పంపాడు, హోమ్ రన్. ముగ్గురూ ఇల్లు చేరారు, మూడు పరుగులు. టొరంటో 4–3. ఆ అంకె ఇక మారలేదు. సియాటెల్ జట్టులోకెల్లా నమ్మకస్తుడైన క్లోజర్ (ఆటను ముగించే పిచర్) ఆండ్రెస్ మునోజ్ ఆ బంతి పడే వేళకు బుల్‌పెన్‌లోనే (పిలుపు కోసం పిచర్లు వేచి ఉండే చోట) ఉన్నాడు.

విల్సన్ మీద దుమ్మెత్తిపోయడానికి అభిమానులకు ఆ ఒక్క ఓవర్ చాలు అని మన క్రికెట్ భాషలో అనుకోవచ్చు. బెల్వ్యూ, రెడ్‌మండ్, సమామిష్‌లలో ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లలో ఈ జట్టు వెంట తిరిగేవారూ ఆ రాత్రి అదే అన్నారు. మునోజ్‌ను అప్పుడే దించాల్సిందన్న మాటతో మాకూ పేచీ లేదు. అయితే ఒత్తిడి వేళ విల్సన్ నమ్మి చెయ్యెత్తి పిలవగల రిలీవర్లు (ఆట మధ్యలో దిగే పిచర్లు) మునోజ్, మ్యాట్ బ్రాష్, బజార్డో, గేబ్ స్పియర్ అనే నలుగురే. వారిలో ఎడమచేతివాటం స్పియర్ ఒక్కడే. వూ అసలు రిలీవరే కాడు. ఛాతీ కండరం పట్టేసి సెప్టెంబరు నుంచి కూర్చున్న స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్). ఆ ఇన్నింగ్స్‌కు కావలసిన ఐదో మనిషిని ఎప్పుడు తెచ్చుకోవాలి అనేదే అసలు లెక్క. ఆ లెక్క మేనేజర్ కుర్చీలో తేలదు, మేడ మీది ఆఫీసులో తేలుతుంది.

ఆ ఆఫీసుకు పెద్ద జెర్రీ డిపోటో. 2023 అక్టోబరులో, ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) చేజారిన మరునాళ్లలో, పదేళ్ల పొడవునా నూటికి 54 ఆటలు గెలిచే జట్టు ఎలాగూ గట్టెక్కుతుందన్న అర్థంలో ఆయన మాట్లాడారు. ఊరంతా భగ్గుమంది, ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. ఆ మాటను ఇప్పుడు కూడి చూద్దాం. 2021 నుంచి 2025 దాకా సియాటెల్ గెలుపులు వరుసగా 90, 90, 88, 85, 90. మొత్తం 810 ఆటల్లో 443. అంటే నూటికి 54.7. డిపోటో మాట తప్పలేదు! ఐదేళ్లలో ప్లేఆఫ్స్ మాత్రం రెండుసార్లే, 2022లో, 2025లో.

ఎందుకిలా? లీగ్‌కు ఆరు చొప్పున పన్నెండు జట్లకు చోటిచ్చే పద్ధతి 2022లో వచ్చింది. మూడు డివిజన్ల విజేతలు, తర్వాత మూడు వైల్డ్ కార్డులు (మిగతావాటిలో ఎక్కువ గెలిచిన జట్లు). ఈ ఆరో గడపే జారుడుబండ. 2024లో డెట్రాయిట్, కాన్సస్ సిటీ 86తో దాటాయి, సియాటెల్ 85తో ఆగింది. 2023లో టొరంటో 89తో వెళ్లింది, సియాటెల్ 88తో ఇంటికి. 2025లో డెట్రాయిట్, హ్యూస్టన్ రెండూ 87 గెలిస్తే డెట్రాయిటే లోపలికి వెళ్లింది. సమానమైనప్పుడు ముఖాముఖిలో ఎవరిది పైచేయో చూస్తారు, 162 ఆటల సీజన్‌కు వెనకటిలా 163వ ఆట పెట్టడం లేదు. ఐపీఎల్ నెట్ రన్ రేట్‌తో తలలు బద్దలు కొట్టుకున్న మనవాళ్లకు ఇది కాస్త సుఖమే. కానీ 54 శాతమంటే 162లో 87, 88 గెలుపులు. సరిగ్గా ఆ బండ మీదే నిలబడటం. ఒక ఏడు దాటిస్తుంది, రెండేళ్లు జారుస్తుంది.

ఆ ఒక్క గెలుపు ఎక్కడ పోయిందో వెతకడానికి దుర్భిణి అక్కర్లేదు. 2023 జులై 31న క్లోజర్ పాల్ సీవాల్డ్‌ను అరిజోనాకు ఇచ్చేశారు. సియాటెల్ ఒక ఆట వెనకబడి ఆగితే, సీవాల్డ్‌తో అరిజోనా 84 గెలుపులతోనే దూరి వరల్డ్ సిరీస్ ఆడింది. బదులుగా వచ్చిన డొమినిక్ కాన్జోన్ రెండేళ్ల తర్వాత పనికొచ్చాడు, కాదనం. ఆ నవంబరులో మూడో బేస్‌మన్ యుహేనియో సువారెజ్‌ను కూడా అదే అరిజోనాకు పంపారు. వచ్చినవాళ్లు ఒక అదనపు క్యాచర్, ఒక రిలీవర్. జీతం భారం తగ్గింది, స్ట్రైకౌట్లు (బంతిని కొట్టలేక ఔటవడం) తగ్గుతాయన్నారు. 2024లో సియాటెల్ బ్యాటింగ్ సగటు .224, అంటే వెయ్యి ప్రయత్నాలకు 224 హిట్లు. స్ట్రైకౌట్లేమీ తగ్గలేదు. జూన్ 18న పది ఆటల ఆధిక్యంలో ఉన్న జట్టు నెల తిరిగేసరికి దాన్ని కరగదీసుకుంది. సువారెజ్ అక్కడ 30 హోమ్ రన్లు కొట్టుకున్నాడు. చివరికి 2025 జులై నెలాఖరులో అదే సువారెజ్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి ముగ్గురు కుర్రాళ్లను ఇచ్చుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆకులు కొంత పనిచేశాయని ఒప్పుకోవాలి. సువారెజ్ సియాటెల్‌లో కొట్టిన సగటు .189 అయినా, టొరంటోతో ఐదో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్ గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌లూ నిండిన వేళ హోమ్ రన్) అతడిదే. అతడికి వారం ముందు వచ్చిన జోష్ నేలర్ అయితే అసలు బేరం. పరుగులో లీగ్‌లోనే అతి నెమ్మది మనుషుల్లో ఒకడు. 54 ఆటల్లో (ఆ అంకె ఈ జట్టును వదిలేలా లేదు) 19 సార్లు బేస్ దొంగిలించబోయి (పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కు ఉరికి) 19 సార్లూ చిక్కలేదు. కాళ్లలో లేనిది కళ్లలో ఉంది, పిచర్ మడమ ఎప్పుడు లేస్తుందో చూసి కదులుతాడు. నవంబరులో అతడితో ఐదేళ్లకు 9.25 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదుర్చుకోవడం 2025–26 శీతకాలంలో జరిగిన మంచి పని. రెండోది, క్యాచర్ హ్యారీ ఫోర్డ్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చి ఎడమచేతి రిలీవర్ హోసే ఫెరర్‌ను తీసుకోవడం. 159 ఆటలు ఆడి 60 హోమ్ రన్లు కొట్టిన క్యాల్ రాలీ ఉండగా ఫోర్డ్‌కు చోటు ఎప్పటికి దొరికేను? ఏడో ఇన్నింగ్స్‌కు ఐదో మనిషి ఇప్పటికి వచ్చాడు, ఏడాది ఆలస్యంగా.

ఇక మిగిలిన చోట్లు. వీటిని చూడాలంటే 26 మంది జాబితాను విప్పి పరచాలి. పిచర్లు 13కు మించకూడదు. ఐదుగురు స్టార్టర్లు పోతే బుల్‌పెన్‌కు ఎనిమిది. మిగతా 13లో తొమ్మిది మంది రోజూ బ్యాటింగ్ చేసేవారు. రెండో క్యాచర్ ఒకడు. అంటే బెంచి మీద చేతికి దొరికేది ముగ్గురే. ఒకసారి బయటికి వచ్చినవాడు ఆ రోజుకు తిరిగి దిగడానికి లేదు కాబట్టి ఆ ముగ్గురు ఎవరన్నది చిన్న విషయం కాదు. డెట్రాయిట్‌తో చివరి ఆట, ఏడో ఇన్నింగ్స్, ఒక పరుగు వెనక. ఎదుటివాళ్లు ఎడమచేతి పిచర్‌ను తీసుకురాగానే విల్సన్ లియో రివాస్‌ను పంపారు. రెండువైపులా బ్యాట్ పట్టగల రివాస్‌కు అది 28వ పుట్టినరోజు, సింగిల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఆ ఆట పదిహేను ఇన్నింగ్స్ నడిచి, హోర్హే పొలాంకో కొట్టిన సింగిల్‌తో ముగిసింది. ఎడమచేతి పిచర్లను బాగా ఆడే రాబ్ రెఫ్స్‌నైడర్‌ను ఆ శీతకాలంలో ఏడాదికి తీసుకోవడంలో ఉన్న లెక్క ఇదే.

బుల్‌పెన్ ఎనిమిదిలో ఇంకో చిక్కుంది, అభిమానులు దీన్ని తరచూ మరిచిపోతారు. జట్టు తన అధీనంలోని నలభై మందిలో ఎవరినైనా కిందికి, అంటే రెండో శ్రేణి జట్టు ఉన్న టకోమాకు, పంపాలంటే అతడికి ఆప్షన్ (వదులుకోకుండానే కిందికి పంపే వీలు) మిగిలి ఉండాలి. మనిషికి మూడు సీజన్లు. ఒక సీజన్‌లో ఇరవై రోజులు కింద గడిపితే ఒకటి ఖర్చు. ఏడాదికి ఐదుసార్లే పంపొచ్చు. పంపిన పిచర్ పదిహేను రోజులు, బ్యాటర్ పది రోజులు అయ్యేదాకా తిరిగి రాడు, పైన ఎవరైనా గాయపడి జాబితా కెక్కితే తప్ప. ఇప్పుడు ఒక రాత్రి ఆట పదమూడు ఇన్నింగ్స్ సాగిందనుకోండి. ఆరుగురు రిలీవర్ల చేతులు వడలిపోయాయి. మర్నాడు కొత్త చెయ్యి కావాలి. ఎనిమిది మందిలో ఒక్కరికీ ఆప్షన్ లేకపోతే ఒకణ్ని వదులుకోవాలి, వేరే జట్టు ఎగరేసుకుపోతుంది. లేదా అలసిన చేతినే దించి నాలుగు పరుగులు సమర్పించుకోవాలి. ఎనిమిదిలో కనీసం ఇద్దరు ఇలా వచ్చిపోయేవారై ఉండాలి. టకోమా యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరమే, మధ్యాహ్నం ఫోన్ చేస్తే సాయంత్రానికి కారులో వచ్చేస్తారు. చాలా జట్లకు ఈ వసతి లేదు. ఉన్నవాళ్లు వాడుకోవాలి కదా.

అసలు కంత ఇన్‌ఫీల్డ్‌లో. 26 హోమ్ రన్లు కొట్టిన పొలాంకో రెండేళ్లకు 4 కోట్ల డాలర్లకు న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లిపోయాడు. సువారెజ్‌తో 2026 జనవరి నాటికి ఒప్పందం కుదరలేదు. అంటే అప్పటికి రెండో బేస్, మూడో బేస్, డిజిగ్నేటెడ్ హిట్టర్ (బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) మూడు చోట్లా బొక్కలే. అప్పుడు దారులు మూడు కనిపించాయి.

సువారెజ్‌ను ఏడాదికి పిలవడం ఒకటి. 2025లో రెండు జట్లలో కలిపి 49 హోమ్ రన్లు. సీజన్ మధ్యలో చేతులు మారాడు కాబట్టి అతణ్ని తీసుకుంటే డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వరుసలో) చోటు కోల్పోయే బాధ లేదు. అయితే వయసు 34, స్ట్రైకౌట్లు 196, ఫీల్డింగ్‌లో అడుగు నెమ్మదించింది. పైగా సియాటెల్ మైదానం బ్యాటర్లకు సవతి తల్లి. సముద్రపు చల్లగాలికి, వేరేచోట గోడ దాటే బంతి ఇక్కడ గోడ ముందు చేతిలో పడుతుంది.

ఉన్న కుర్రాళ్లతోనే నెట్టుకురావడం రెండోది. రెండో బేస్‌లో కోల్ యంగ్, మూడో బేస్‌లో బెన్ విలియమ్సన్, తర్వాత ఇరవై ఏళ్ల కోల్ట్ ఎమర్సన్. విలియమ్సన్ చేతిలో బంతి పడితే ఔటే, కానీ 2025లో 85 ఆటల్లో ఒక్క హోమ్ రన్. ఎమర్సన్ మీద అందరి కళ్లూ ఉన్నాయి. అతణ్ని ఏప్రిల్ మొదట్లోనే పైకి తెస్తే, 172 రోజుల పూర్తి సర్వీసు ఏడాది లెక్కకు వస్తుంది. ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి కొడితే జట్టుకు అదనపు డ్రాఫ్ట్ చోటు దక్కుతుంది. 2022లో హూలియో రోడ్రిగెజ్ ఇలాగే తెచ్చిపెట్టాడు. కుర్రాణ్ని ఇంకో ఏడాది చేతిలో ఉంచుకోవడానికి కింద దాచిపెట్టి ఆలస్యంగా తెచ్చే పాత తెలివికి ఇప్పుడు విరుగుడుంది. కానీ టకోమాలో నిండు సీజన్ ఆడని కుర్రాడి భుజాల మీద మొత్తం మూడో బేస్ మోపడం, యంగ్‌కూ అదే ఏడాది పరీక్ష పెట్టడం, రెండూ ఒకేసారి జూదం.

మూడోది మాకు నచ్చినది. రెండో బేస్, మూడో బేస్ రెండూ ఆడగలిగి, స్ట్రైకౌట్లు తక్కువగా ఉండే ఇన్‌ఫీల్డర్‌ను మారకంలో సీజన్ మొదలవకముందే తేవడం. యంగ్ నిలదొక్కుకుంటే ఆ కొత్తవాడు మూడో బేస్‌కు జరుగుతాడు. ఎమర్సన్ సిద్ధమైతే రెండో బేస్‌కు. ఎవరికి దెబ్బ తగిలినా మర్నాడు కొత్త మనిషిని వెతుక్కోనక్కర్లేదు. ఇచ్చుకోవడానికి అప్పటికి సరుకూ ఉంది. స్టార్టర్లు గిల్బర్ట్, కిర్బీ, కాస్తియో, వూ, మిల్లర్ ఐదుగురు, ఆరోవాడు హ్యాన్‌కాక్. కింద రెండు చేతులతోనూ బంతి వేసే హురాంజెలో సైన్‌చె లాంటి పిచర్లు అప్పటికి ఉన్నారు. పిచర్ భుజం పెళుసు సామాను, గూట్లో దాచిన ముగ్గురిలో పైదాకా వచ్చేది ఎందరో ఎవరికీ భరోసా లేదు. ఎమర్సన్‌ను మాత్రం ఇవ్వొద్దు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) జె.పి. క్రాఫర్డ్ ఒప్పందం 2026తో ముగుస్తుంది, అప్పుడు ఆ చోటు ఎమర్సన్‌దే కావాలి.

ఆ 2026 అంకెను డిపోటో గోడ మీద రాసుకోవాలి. క్రాఫర్డ్‌తో పాటు రాండీ అరోజరేనాకూ అదే ఆఖరి ఏడాది. గిల్బర్ట్ 2027 తర్వాత వెళ్లిపోవచ్చు. ఈ తరం కలిసి ఆడే సీజన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నూటికి 54 చాలనుకునే జట్టుకు తొందరేమీ ఉండదు. 92, 93 గెలవాలనుకుంటే ఉంటుంది. లీగ్‌లో మొదటి రెండు చోట్ల నిలిచిన డివిజన్ విజేతలకు మొదటి రౌండ్ బై (ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు ప్రవేశం) దొరుకుతుంది. మూడు ఆటల గండం తప్పుతుంది, స్టార్టర్లను వరుసలో పేర్చుకోవడానికి వీలు దొరుకుతుంది. 2025లో సియాటెల్‌కు ఆ బై 90తో దక్కింది, వెనకే 88తో క్లీవ్‌లాండ్ ఉంది. తేడా రెండు ఆటలు.

2026 ఫిబ్రవరిలో అరిజోనాలోని పియోరియాలో పిచర్లు, క్యాచర్లు కసరత్తుకు చేరే వేళ. మూడో బేస్‌కు మనిషి ఆలోపు రావాలన్నది మా మాట. సీజన్ మధ్యలో మారకాల గడువు దాకా ఆగితే అదే మనిషికి మళ్లీ ముగ్గురిని ఇవ్వాలి, అప్పటికి నూరుకు పైగా ఆటలు అయిపోయి ఉంటాయి.